మూతిదాకా వచ్చిన కొంగు

భయమేస్తే కొంగు మూతికి అడ్డం పెట్టుకోవడం అమెరికాలో, శాంటా క్లారాలో మా పక్కింటి అక్క అలవాటు. తెలుగు చర్చిలో పాటలు పాడించేది ఆవిడే.

ఎనభైల్లో ఒక వేసవి, వాళ్లాయన గ్రీన్‌కార్డ్ పెండింగ్‌లో ఉండగా, దాని కాగితాల మీద సంతకం పెట్టాల్సిన బాస్ డిన్నర్‌కి వస్తానన్నాడు. బాస్‌కి ఇష్టమని, పీచ్ పళ్ల ముక్కల మీద షాంపేన్ పోసి పెట్టమన్నాడు వాళ్లాయన.

అక్క జన్మలో అలాంటి సీసా ముట్టలేదు. దగ్గు సిరప్‌లాగా బాగా ఊపి బిరడా తీసింది. ఢామ్మని నురగంతా కొంగు మీద పడింది. హడలిపోయి ఆ తడి కొంగే మూతికి పెట్టుకుని, వంటకి సాయం వెళ్లిన నన్ను అడిగింది.

"చెల్లీ, పాస్టర్‌గారికి స్మెల్ తెలిసిపోద్దా?"

మిగిలింది పళ్ల మీద పోస్తే బాస్ మళ్లీ అడిగి తిన్నాడు.

ఆదివారం వేరే చీర కట్టుకొచ్చింది. పాస్టర్‌గారు పలకరించగానే కొంగు మూతిదాకా వచ్చి ఆగిపోయింది. ఒక్క చుక్క తాగని ఆ మనిషి, పాట అందుకోవాల్సిన చోట ఊపిరి బిగబట్టి నిలబడింది.