మూడు ముళ్ళ ఫోటోలో నా వీపు

ఆ రోజుల్లో అనగానే మీరు నల్లదుప్పటి కింద తల దూర్చి ఫోటో తీసే కాలానికి వెళ్ళిపోకండి, నాకంత వయసు లేదు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేసి, అందరూ ఫోటోగ్రాఫర్లయిపోయి, అసలు ఫోటోగ్రాఫర్లు ఈగలు తోలుకుంటున్న రోజులవి. సరిగ్గా అప్పుడే నాకు ఫోటోల పిచ్చి పట్టింది. (మా ఇంట్లో ఎవరికే పిచ్చి పట్టినా, ఊళ్ళో అందరికీ వదిలాకే పడుతుంది.) మా హిందూపురంలో స్టూడియో మూసేసుకున్న ఒకాయన దగ్గర పాత కెమెరా కొనుక్కుని, దాన్ని మెడలో వేసుకుని తిరిగేవాణ్ణి. మనుషుల్ని తీయడమంటే నాకు చిన్నచూపు. నా దృష్టిలో కళంటే కొళాయి చివర నీటిబొట్టు, గోడ మీద తొండ, పరిగి దోవలో నెర్రెలు విచ్చిన నేల. లేపాక్షిలో అందరూ ఆ పెద్ద బసవన్నను నిండుగా తీసుకుంటుంటే, నేను నేల మీద వెల్లకిలా పడుకుని ముక్కు రంధ్రాలు మాత్రం తీసుకొచ్చాను. మా అమ్మ ఆ ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంది రా, ఏదన్నా గుహకు పోయొచ్చినావా?" అనడిగింది. పాపం, అమ్మకు కళ తెలియదని జాలిపడ్డాను.

మేము ఇంట్లో తెలుగే మాట్లాడే సాయిబులం. దూది ఏకడం, పరుపులు కుట్టడం మా తాతల నాటి పని. నాయనకు బజారులో చిన్న పరుపుల అంగడి ఉంది. ఒక్కగానొక్క కొడుకును కాబట్టి అది నాకే రావాలి. కానీ ఆ పైవాడు నాకు దూది పడని ముక్కునిచ్చాడు. అంగడి మెట్టెక్కానంటే తుమ్ములు మొదలు. "పరుపులాయన కొడుక్కి దూది పడదంట" అని బజారంతా నవ్వేది. నాయన మాత్రం నవ్వేవాడు కాదు. "తుమ్ముకుంటానే కుట్టు, ఎవురొద్దన్నారు?" అనేవాడు. ఫోటోల విషయంలోనూ ఆయన మాట అంతే సూటి. "రేయ్, ఫోటో లేకున్నా జనానికి నిద్ర పడతాది. పరుపు లేకుంటే పట్టదు. ఏది పట్టుకోవల్లనో నువ్వే ఆలోచన చేసుకో!" అనేవాడు.

విచిత్రమేమిటంటే నాకు మొదటి పెళ్ళి ఫోటోల బేరం తెచ్చిపెట్టింది ఆ పరుపులే. ఒక పొద్దున అంగడి తలుపు సందులోంచి పడుతున్న ఎండలో దూది పీచులు తేలుతుంటే, కింద కొత్త పరుపు మెరుస్తుంటే, తుమ్ము ఆపుకుని ఒక ఫోటో తీశాను. నాయన ఫోనులో స్టేటస్‌గా పెట్టాను. కూతురి పెళ్ళికి పరుపులు చెప్పడానికి ధర్మవరం నుంచి వచ్చిన మగ్గాల మామ (పట్టుచీరలు నేయించేవాడు, నాయనకు పాత గిరాకీ) ఆ ఫోటో చూసి ముచ్చటపడిపోయాడు. "పరుపునే ఇంత బాగా తీసినాడంటే మా పిల్లను ఇంకెంత బాగా తీస్తాడప్పా!" అన్నాడు. నాయన గాభరాపడి, "సామీ, పరుపు కదల్దు. మీ పిల్ల కదుల్తాది" అని చెప్పి చూశాడు. మామ వినలేదు. పెళ్ళి ఫోటోలు నాకు ఒప్పజెప్పి వెళ్ళిపోయాడు.

ఆయన అటు వెళ్ళగానే నాయన నన్ను కూర్చోబెట్టుకున్నాడు. "ఈ పెండ్లి బాగా తీసినావా, నీ దోవ నీది. నేను మల్లీ నోరెత్తను. చెడగొట్టినావా, ఆ కెమెరా అటక మీదికి, నువ్వు దూది కాడికి. నా గిరాకీ ముందర నా పరువు తీయొద్దు." నేను సరేనన్నాను. జీవితమంతా తుమ్ముతూ బతకడమా, ఫోటోలు తీస్తూ బతకడమా అన్నది ఒక్క పెళ్ళితో తేలిపోతుందన్న మాట.

పెళ్ళి పెనుకొండలో, పెళ్ళికొడుకు వాళ్ళ ఊళ్ళో. వీడియో తీయడానికి వాళ్ళు ఒక అనుభవమున్న అన్నను పెట్టుకున్నారు. నన్ను చూడగానే ఆయనకు అర్థమైపోయింది. పక్కకు పిలిచి మంచి మాటే చెప్పాడు. "సూడబ్బా, పెండ్లిలో ఏది పోయినా మల్లీ తీసుకోవచ్చు. నవ్వమంటే మల్లీ నవ్వుతారు, నడవమంటే మల్లీ నడుస్తారు. మూడు ముళ్ళు మాత్రం మల్లీ రావు. గట్టిమేళం కొడతానే నువ్వు వాళ్ళ ముందర గొంతుక్కూర్చోని తియ్యి. నీ తల మీద నుంచి నేను వీడియో తీసుకుంటా. ఏమైనా కానీ, పైకి మాత్రం లేయొద్దు." ఇంత సులువైన పనికి ఇంత పాఠమెందుకా అనుకున్నాను.

పొద్దున్నుంచీ నాకు మగ్గాల మామతోనే సరిపోయింది. బంధువుల ఆడవాళ్ళు కట్టుకున్న చీరలన్నీ ఆయన మగ్గాల మీదవే. ఒక్కొక్కరినీ రెక్క పట్టుకుని తెచ్చి నిలబెట్టి, "మొగం ఎట్లుండినా పర్వాలేదప్పా, అంచు మాత్రం నిండుగా పడల్ల. కొంగు వదలొద్దు" అనేవాడు. వాళ్ళంతా ఆధార్ కార్డుకు తీయించుకుంటున్నట్టు బిగుసుకుని నిలబడేవాళ్ళు. (ఆ ఫోటోల్లో అంచులన్నీ బ్రహ్మాండంగా వచ్చాయి. అంచుకు పైన ఉన్నది ఎవరో గుర్తుపట్టడానికి కొంత శ్రమపడాలి.) ఈ సందడిలో పెళ్ళికూతురి అవ్వ ఒకామె, మనిషి ఇంతే ఉంటుంది, పళ్ళెంలో అక్షింతలు పెట్టుకుని మండపం మీద ఒక మూల కూర్చుని, వచ్చిన వాళ్ళందరికీ పంచుతోంది. నన్ను చూసి, "ఏం నాయనా, ఏమన్నా తినినావా? ఆ బరువు మెడకేసుకోని తిరగతాండావు" అంది. ఆ పెళ్ళిలో నన్ను పలకరించింది ఆ అవ్వ ఒక్కతే. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. చిన్నప్పుడు మా పక్కింటి అవ్వ నన్ను చంకనేసుకుని ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ తీసుకుపోయేది. నడక కంటే ముందు నాకు అక్షింతలు వేయడం వచ్చింది. గట్టిమేళం మోగగానే చెప్పులు విడిచి, లేచి నిలబడి, కళ్ళు మూసుకుని మంచి మనసుతో వేయాలి. వేసినవాడికే పాయసం. ఇదీ ఆవిడ పెట్టిన కట్టుబాటు.

ముహూర్తం దగ్గరపడింది. వీడియో అన్న చెప్పినట్టే నేను పెళ్ళిజంట ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. కెమెరా సిద్ధం, వేలు సిద్ధం. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని లేచాడు. అది తీశాను. పెళ్ళికూతురు తల వంచింది. అదీ తీశాను. అంతలో చుట్టూ ఉన్నవాళ్ళంతా తోసుకుంటూ వచ్చేసరికి అవ్వకు ముందుకు రావడానికి దారి లేక, తన గుప్పిట్లోని అక్షింతలన్నీ తెచ్చి నా కుడిచేతిలో కుక్కేసింది. "నువ్వు దగ్గర ఉండావు నాయనా, నా తరపున కూడా బాగా తలకాయ మీద పడేట్ల ఎయ్యి!" అంది. సరిగ్గా అప్పుడే గట్టిమేళం మోగింది.

అంతే. నేనేం ఆలోచించలేదు, ఒట్టు. కెమెరాను మెడకు వదిలేశాను. చెప్పులు విడవడానికి చూసుకుంటే మండపం మీద ముందే చెప్పుల్లేవు. లేచి నిలబడ్డాను, రెండు చేతులూ పైకెత్తాను, కళ్ళు మూసుకున్నాను, నోట్లో 'బిస్మిల్లా' అనుకున్నాను (మంచిపనికి ముందు అనుకోవడానికి నాకు వచ్చింది అదొక్కటే), అవ్వ తరపున కొన్ని, నా తరపున కొన్ని, మనస్ఫూర్తిగా అక్షింతలు వేశాను. ఎవరో ఏమిటో తెలియని ఆ పిల్ల చల్లగా ఉండాలని నిజంగా కోరుకున్నాను. చేతులు దులుపుకుని, ఇక పాయసం ఎప్పుడు పెడతారా అని చూస్తున్నప్పుడు వెనక నుంచి వీడియో అన్న గొంతు వినిపించింది. "రేయ్! నువ్వు ఫోటోగ్రాఫరువా, పెండ్లికూతురు మేనమామవా రా?"

ఎదురుగా చూస్తే మూడు ముళ్ళూ పడిపోయి ఉన్నాయి. కెమెరాలో చూసుకుంటే వంచిన తల ఉంది, ఆ తర్వాత ఏమీ లేదు. సరే, వీడియో ఉంది కదా, అందులోంచి ఒక ఫోటో తీసుకుందామని అన్న కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన పళ్ళు కొరుకుతూ వెనక్కి తిప్పి చూపించాడు. నా వీపు. సాంతం నా వీపే. బూడిదరంగు చొక్కా, చంకల కింద చెమట మరకలు, పైకి లేచిన రెండు చేతులు, అటూ ఇటూ చుట్టాలు. వధూవరులు నాకు అవతల ఎక్కడో సంసారం మొదలుపెట్టుకుంటున్నారు. కింద కుర్చీల్లో వాళ్ళ ఫోన్లు అడిగి చూశాను. ఏ ఫోను చూసినా నా వీపే, కొన్నింట్లో ఎడమ నుంచి, కొన్నింట్లో కుడి నుంచి.

విషయం మగ్గాల మామకు తెలిసింది. ఆయన మొహం చూసి నాకు పారిపోవాలనిపించింది. "తాళి కట్టే ఫోటో లేదా? ఒక్కటి కూడా లేదా? నాకుండేది ఒకే కూతురు కదప్పా!" అన్నాడు. తిట్టుంటే బాగుండేది. అప్పటికే సారె పరుపులు దించి భోజనానికి కూర్చున్న మా నాయనకు కూడా ఎవరో చెప్పారు. ఆయన ఎంగిలి చేత్తోనే వచ్చి, "సోమారం అంగడికి వచ్చేయ్" అన్నాడు. మళ్ళీ వెళ్ళి కూర్చుని తినేశాడు.

వీడియో అన్న, ఊరికే కట్టినట్టు నటిస్తే తీసేద్దామన్నాడు. పెళ్ళికొడుకు హుషారుగా, "నాదేముంది, ఎన్నిసార్లన్నా కడతా" అన్నాడు. పెళ్ళికూతురు మాత్రం, "ఒకసారి వంచినందుకే మెడ పట్టేసింది. నేను వంచను" అని తెగేసి చెప్పింది. ఈ గొడవంతా ఏమిటని అవ్వ కూడా వచ్చి వీడియో చూసింది. కళ్ళద్దాలు సవరించుకుని మళ్ళీ పెట్టమంది. ఇంకోసారి పెట్టమంది. తర్వాత మా అందరి వైపూ తిరిగి కసిరింది. "ఈ పిల్లోడు ముందర లేసినాడని ఎగరతాండారు కదా, వీని పక్కల మీరేం చేస్తాండారో సూస్కోండి. పెద్దనాయన చేతిలో ఫోను, మేనత్త చేతిలో ఫోను, ఆఖరికి మంత్రాలు చెప్పే అయ్యవారు కూడా ఒక కన్ను ఫోను పక్కే. నేను పొద్దున్నుంచి అంతమందికి అచ్చింతలిస్తే ఒక్కరైనా ఏసినారా? అందరూ ఫోటోలు తీసేవాళ్ళే! పిల్లలకు అచ్చింతలు ఏసింది ఈ ఫోటో పిల్లోడు ఒక్కడే కదరా!"

ఒకరిద్దరు ఫోన్లు జేబులో పెట్టుకున్నారు. మొదట నవ్వింది పెళ్ళికూతురు. ఆ తర్వాత పెళ్ళికొడుకు. మగ్గాల మామ నవ్వకూడదని చాలా ప్రయత్నించి, ఓడిపోయాడు. ఇక ఆ పెళ్ళంతా నన్ను చూసి నవ్వడమే పనిగా పెట్టుకుంది. ఎలాగూ కెమెరా సోమవారం నుంచి అటక మీదికే కదా అన్న తెగింపులో నేను నా కళనూ, మామ అంచులనూ గాలికొదిలేసి, కనబడిన వాళ్ళనల్లా తీస్తూ పోయాను. నేను కెమెరా ఎత్తడం ఆలస్యం, "ఏమప్పా, మాకు అచ్చింతలు ఏయవా?" అని ఒకరు, "ఈపు తిప్పప్పా, నీ మొగం గుర్తుపట్టలేకుండా ఉండాము" అని ఇంకొకరు, పడీపడీ నవ్వేవాళ్ళు. ఆధార్ కార్డు మొహాలు ఎక్కడికి పోయాయో పోయాయి.

సోమవారం ముక్కుకు తువ్వాలు కట్టుకుని అంగడిలో సూది పట్టుకున్నాను. ఆ వారమంతా తుమ్ములే, కళ్ళలో నీళ్ళే. అందులో అన్నీ దూది వల్ల వచ్చినవి కావని మీకు తెలుసు. ఒక మధ్యాహ్నం నాయన ఫోను మోగింది. పెనుకొండ నుంచి పెళ్ళికొడుకు మేనత్త. ఆమె గొంతు నాకూ వినబడుతోంది. "మీ పిల్లోడు తీసిన ఫోటోలు సూసినామప్పా. మావాళ్ళు ఇట్ల నవ్వేది మేం ఎప్పుడూ సూడలే. మా పాప పెండ్లికి ఆ అచ్చింతల పిల్లోడే కావల్ల. కాకపోతే ముందర ఫోటో తీసి, ఆమీద అచ్చింతలు ఏయమను." నాయన గొంతు సవరించుకుని, "మావాడు రెండూ చేస్తాడమ్మా" అన్నాడు. ఫోను పెట్టేసి, నా చేతిలో సూది లాక్కుని, "లెయ్ రా ఆడనుంచి. నీ తుమ్ములకి దూదంతా ఎగిరిపోతాండాది" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి.

ఇప్పుడు నాకు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడు ఊళ్ళలోనూ పని బాగానే ఉంది. గట్టిమేళం వినబడగానే నా వేలు దానంతటదే నొక్కుతుంది, ఒక్క ముడి కూడా తప్పదు. ఎవరైనా అక్షింతలు ఇవ్వబోతే తల అడ్డంగా ఊపుతాను. పెళ్ళి అయిపోయాక పిల్ల పేరేమిటని ఎవరైనా అడిగితే, ఆల్బం అట్ట మీద చూసి చెప్పాల్సిందే. పెనుకొండలో ఆ మొదటి పెళ్ళికూతురు మాత్రం నా వీపున్న ఫోటోనే పెద్దది చేయించి గోడకు పెట్టుకుంది. ఎవరైనా అడిగితే 'మా అన్న' అని చెబుతుందట. మొన్న ఆ ఇంటికి వెళ్ళినప్పుడు దాని ముందు కాసేపు నిలబడి చూశాను. నవ్వొచ్చింది, కొంచెం దిగులు కూడా వేసింది. అలాంటి కుర్రవాడు ఇవాళ నా దగ్గర పనికొస్తే ముహూర్తం దాటగానే ఇంటికి పంపించేస్తాను. మా ఇంట్లో శుభకార్యం జరిగితే మాత్రం, మొట్టమొదట పిలిచేది వాణ్ణే.