అక్క మడమ

మా అక్క శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసేది. ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో నానబెట్టి తీసే నల్లరంగుతో గుడ్డ మీద బొమ్మలు గీసేది. ఆ నలుపు ఆమె వేళ్ల మీద, గోళ్లలో, చీర కుచ్చిళ్ల మీద ఎప్పుడూ ఉండేది. అందుకే కుడి మడమ మీద నల్లటి మచ్చ కనిపించినప్పుడు ఇంట్లో ఎవరమూ జబ్బనుకోలేదు.

"రంగు తొక్కినట్టుండాను మే. తోమితే పోతాది," అంది అక్క.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. తిరుపతిలో నేను చేసే పరిశోధన ఏమిటో ఆమెకు సరిగ్గా తెలియదు. ఒకసారి ల్యాబుకు తీసుకెళ్లి సీసా చూపించాను.

"ఇది బంగారమా? ఎర్రగా ఉండాదేంది?"

"కంటికి కనపడనంత సన్నగా చేస్తే రంగు మారిపోతాదక్కా. దీన్ని చర్మ క్యాన్సర్ గడ్డలోకి ఎక్కించి పైనుంచి లేజర్ వేస్తే, వేడెక్కి గడ్డను మాడుస్తాది."

"ఈ ఎరుపు మాకు సిక్కితే సీరలకేసుకుంటాం గదా," అని నవ్వింది.

మచ్చ పోలేదు. పెద్దదై, పగిలి, రసి కారసాగింది. తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకొచ్చాను. ముక్క తీసి పరీక్షకు పంపారు. మెలనోమా. నేను రోజూ గాజు పళ్లాల్లో పెంచి చంపే కణాలు. అవే అక్క కాల్లో ఉన్నాయి.

మడమ కోసి మచ్చ తీసేశారు, గజ్జల్లో వాచిన బిళ్లలు కూడా తీశారు. గజ్జల్లో కోత త్వరగానే అతుక్కుంది. మడమ పుండే మానలేదు, చీము పట్టింది. డాక్టరమ్మ వెండి రేణువులు కలిపిన పట్టీ వేయించింది. వెండి పుండులోని క్రిముల్ని చంపుతుంది. పట్టీ మార్చే పని నాదే. బావ దీపం పట్టినట్టు సెల్‌ఫోను లైటు పట్టుకునేవాడు.

"ఎట్లుండాది?" అని అడిగేది అక్క.

"కొత్త కండ వస్తా ఉండాది."

అబద్ధం కాదు. పుండు అంచుల నుంచి పూడుకుంటూ వచ్చింది. నాకెంత సంతోషమో! అప్పుడే డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. "పుండు బాగా మానుతోందమ్మా. జబ్బు మాత్రం ఊపిరితిత్తులకు పాకింది," అంది. తర్వాత ఇచ్చిన మందులకు అది లొంగలేదు.

ఒక మధ్యాహ్నం, బావ కాఫీకి పోయినప్పుడు అక్క అడిగింది.

"నీ బంగారం మందు నాకెందుకు పెట్టవు మే?"

"అది ఇంకా ఎలకల కాడే ఉండాదక్కా. మనుషుల దాకా రాలా."

"ఎలకలకు నయమైందా?"

"కొన్నిటికి అయింది."

"అయితే నన్నూ ఎలకనుకో."

నవ్వుతోందేమోనని చూశాను. నవ్వడం లేదు. లేజర్ కాంతి చర్మం దాటి ఊపిరితిత్తుల దాకా పోదనీ, రక్తంలో కలిసిన బంగారం కాలేయంలో పేరుకుని ఏం చేస్తుందో ఇంకా తెలియదనీ చెప్పాను. అన్నీ నిజాలే. చెబుతుంటే నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. అక్క ఓపిగ్గా విని, నా చెయ్యి నిమిరింది.

"నయమైన ఎలకల్ని తర్వాత ఏం సేస్తారు పాపా?"

పరీక్ష కోసం వాటినీ కోసేస్తామని చెప్పలేకపోయాను.

"బాగా సూసుకుంటామక్కా," అన్నాను. సరేనని కళ్లు మూసుకుంది.

కాళహస్తిలో, ఇంట్లోనే పోయింది. కడసారి స్నానం చేయించేటప్పుడు కాళ్లు నేను కడిగాను. మడమ పూర్తిగా మానిపోయింది. లేత గులాబీ రంగు చర్మం, పసిబిడ్డ పాదంలా నున్నగా ఉంది. అంతవరకూ ఏడవని దాన్ని, ఆ మడమ చేతిలో పెట్టుకుని గట్టిగా ఏడ్చాను. ఎవరో ఆపబోతే, బావ వాకిట్లోనుంచే, "ఏడవనీండి. బిడ్డ మాదిరి సాకింది దాన్ని," అన్నాడు.

ఇప్పుడూ ల్యాబులో ఆ బంగారం పనే చేస్తున్నాను. అప్పుడప్పుడూ గూడూరు మీదుగా ప్రయాణం పడుతుంది. కాళహస్తిలో రైలు ఆగితే, అలవాటుగా లేచి, దిగేవాళ్లకు దారిచ్చి, మళ్లీ నా సీట్లో కూర్చుంటాను.