కళ్ళు మూసుకున్న తలంబ్రాలు

2025 ఫిబ్రవరి 16. 7,418 ఫొటోలు.

ఆ ఉదయం ధర్మవరం కల్యాణమండపంలో ముగిసిన పెళ్ళి నుంచి హేమావతి రెండు కెమెరాల్లో ఇంటికి తెచ్చుకున్న ఫొటోల సంఖ్య అది. మరునాటి సాయంత్రం తాడిపత్రిలో అబ్బాయి తరఫువారి రిసెప్షన్. అక్కడి పెద్ద తెర మీద నూటయాభై ఫొటోలు వేస్తే చాలు. అయితే ఆ నూటయాభై ఏవో ముందు తేలాలి.

పెళ్ళికూతురి తండ్రి చంద్రమోహన్‌ది కొత్తచెరువు. భూములూ, గ్రానైటు వ్యాపారమూ ఉన్న మనిషి. మండపం గేటు దగ్గర హేమావతిని ఆపి, దాపరికం లేకుండా చెప్పాడు.

"ఏమ్మా హేమా, ఆడమనిషి పెండ్లి ఫొటోలు తీస్తే యాడ కుదుర్తాదని మావోళ్ళు శానామంది అన్న్యారు. నేను ఇనలేదు. రేపు బొమ్మలు బాగుంటే శ్రావణంలో మా చిన్నపాప పెండ్లీ నీదే. ల్యాకుంటే బెంగళూరోళ్ళకు చెప్తా. మళ్ళా నన్ను అనొద్దు."

"అననులేన్నా. రేపు తెర సూసే మాట్లాడు."

ముప్పైఆరేళ్ళ హేమావతి చేనేత కార్మికుడు శ్రీరంగప్ప కూతురు. దుకాణాల కోసం పట్టుచీరలకు ఫొటోలు తీస్తూ కెమెరా నేర్చుకుంది. తర్వాత పెళ్ళిళ్ళకు వెళ్ళింది. తండ్రి మగ్గం ఉన్న గదికి పక్క గదే ఆమె స్టూడియో. జరీ మెరుపు ఉన్నదున్నట్టు నిలవాలని ఆమె అన్నీ రా ఫైళ్ళుగానే తీస్తుంది. వెలుగునీడల వివరాలేవీ పోనివ్వని ఆ ఫైళ్ళు చాలా బరువు. రంగులు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్కటీ తెరిచి ఏరడానికి ఒక్కో పెళ్ళికి నాలుగు రోజులు పట్టేది.

అందుకని నెల ముందే ఆమె రెండు సాఫ్ట్‌వేర్లను పరీక్షకు తెచ్చుకుంది. మొదటిది కృత్రిమ మేధతో తానే ఏరి పెడుతుంది. రెండోది ఏమీ ఏరదు. ప్రతి రా ఫైలులోనూ కెమెరా దాచి ఉంచే చిన్న ఫొటోను కనురెప్పపాటులో చూపిస్తుంది, అంతే. ఉంచాలో తీసెయ్యాలో మనిషే చెప్పాలి. రెండింటికీ ఆమె ఒకే పరీక్ష పెట్టింది. చేతిలో సిద్ధంగా ఉన్న చీరల ఫొటోలనే ఇచ్చింది. మసకబారినవి, ఒకేలా ఉన్నవి మొదటిది చకచకా తీసిపారేసింది. దాన్నే ఖాయం చేసుకుంది. చీరలకు కళ్ళుండవన్న సంగతి అప్పుడు ఆమెకు తట్టలేదు.

పెళ్ళి ఫొటోలను ఆ సాఫ్ట్‌వేర్ గంటలోపే ఎనిమిది వందలకు తగ్గించింది. హేమావతి సంతోషంగా వాటిని తంతు ప్రకారం పేర్చసాగింది. జీలకర్ర-బెల్లం కొన్నే ఉన్నాయి. మాంగల్యధారణ ఉంది. ఆ తర్వాత ఏకంగా భోజనాలు. నడుమ తలంబ్రాల ఫొటో ఒక్కటీ లేదు. తీసేసినవాటిలో వెతికింది. అన్నీ అక్కడే ఉన్నాయి, 'కళ్ళు మూసుకున్నవి' అన్న గుర్తుతో. అక్షతలు పడుతున్నప్పటి ఫొటోలదీ అదే గతి.

ఆమె నిట్టూర్పు విని శ్రీరంగప్ప మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు.

"ఏమైంది పాపా?"

"కండ్లు మూసుకున్యారని తలంబ్రాలన్నీ పారేసింది నాయనా ఇది."

"నెత్తిన బియ్యం పోస్తాంటే కండ్లు తెరుచుకోని సూస్తారా యాడన్నా? దీనికింకా పెండ్లి కాలేదేమో!"

హేమావతి నవ్వింది గానీ, చేతులు ఆగలేదు. పారేసినవాటిలో నిజంగా పనికిరానివీ, ప్రాణంలాంటివీ కలగలిసిపోయాయి. మొదటి సాఫ్ట్‌వేర్‌ను మూసేసి, రెండోదానిలో అన్నింటినీ మొదటి నుంచి తెరిచింది. తనకు తానే ఒక నియమం పెట్టుకుంది. మొదటి విడతలో ఒకే ప్రశ్న: ఉంచాలా, వద్దా? ఏ ఫొటో దగ్గరా ఆగకూడదు, పెద్దది చేసి చూడకూడదు. ఒక వేలు ఉంచే మీట మీద, మరొకటి తీసేసే మీట మీద. చీకటి పడేలోపే మొదటి విడత పూర్తయింది. మరునాడు పొద్దున ఒక్కొక్క తంతులో మేలైనవి తేల్చి, రంగులు దిద్ది, మధ్యాహ్నం బస్సుకు తాడిపత్రి బయలుదేరింది.

రిసెప్షన్‌లో జనం మొదట తెర వంక చూడలేదు, మాటల్లో ఉన్నారు. తలంబ్రాల ఫొటో వచ్చింది. దోసిళ్ళు ఎత్తి పోస్తున్న పెళ్ళికూతురు, వంగి తప్పించుకోబోతున్న పెళ్ళికొడుకు, ఇద్దరి మధ్య గాలిలో నిలిచిన బియ్యం. ఇద్దరూ కళ్ళు గట్టిగా మూసుకుని మనసారా నవ్వుతున్నారు.

ముందు వరుసలోంచి చంద్రమోహన్ తల్లి రామసుబ్బమ్మ కేక వేసింది.

"ఆపండప్పా! ఆ బొమ్మ ఆడనే నిలపండి. మూడు దినాల్నుంచి బిగుసుకోని ఉన్న పిల్ల ఎట్ల నగుతాందో సూడండి!"

పెళ్ళికొడుకు స్నేహితులు ఈలలు వేశారు. జనమంతా తెర వైపు తిరిగారు. "ఎవురప్పా తీసింది? బెంగళూరోళ్ళా?" అని ఎవరో అడిగారు.

"బెంగళూరు యాడిదప్పా! మా ధర్మవరం హేమావతి!" అని చంద్రమోహన్ హాలంతా వినబడేటట్టు అన్నాడు.

తర్వాతి వారం హేమావతి రెండో సాఫ్ట్‌వేర్‌ను ఏడాదికి కొనుక్కుంది. మొదటిదాన్ని చీరలకు మాత్రం ఉంచుకుంది. శనివారం చంద్రమోహన్ తాంబూలం పట్టుకుని స్టూడియోకు వచ్చాడు.

"శ్రావణంలో ఏ పనీ పెట్టుకోవద్దు పాపా."

"పెట్టుకోన్లేన్నా. ఒకటే మాట. తలంబ్రాలప్పుడు నా కెమెరా ముందర ఎవ్వురూ నిలబడగూడదు."

"నేను గూడానా?"

"నువ్వే మొదలు!"

చంద్రమోహన్ పకపకా నవ్వి తాంబూలం ఆమె చేతిలో పెట్టాడు.