ఏడుపక్క బొంగురు గొంతు

డబ్బింగ్ థియేటర్లో ఆమెను అందరూ ఏడుపక్క అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె కూడా ఆ పేరుకే పలికేది. తమిళం నుంచి తెలుగులోకి వచ్చే గ్యాంగ్‌స్టర్ సినిమాల్లో చచ్చిపోయిన ప్రతి రౌడీకీ ఒక తల్లో, పెళ్లామో, చెల్లెలో ఉంటుంది కదా. ఆ ఏడుపులన్నీ ఈమెవే.

అప్పట్లో ఆ సినిమాలు తళతళలాడుతూ ఉండేవి. డాన్ తెల్లకోటు వేసుకుని కారు దిగితే కోటు అంచు గాలికి ఎగిరేది గాని, జుట్టు చెదిరేది కాదు. తూటా తగిలినవాడు కూడా చొక్కా నలగకుండా, తీరిగ్గా, అందంగా ఒరిగిపోయేవాడు. వెనక వాద్యాలన్నీ హోరెత్తిపోయేవి. ఆ హోరు మీద ఏడుపు వినబడాలంటే గొంతు చించుకోవాల్సిందే. "ఇంకొంచెం పైకి అక్కా" అనేవాడు అద్దం అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీరు. ఆమె ఇంకొంచెం పైకి వెళ్లేది. ఆ కేకలతోనే ఇల్లు గడిచింది, కూతురి చదువు సాగింది.

ఒకరోజు అలా పైకెళ్లిన గొంతు కేక సగంలో ఉండగానే ఉత్త గాలైపోయింది. డాక్టరు గొంతులోకి సన్నటి గొట్టం పంపి చూసి, లోపల బొడిపెలు లేచాయన్నాడు.

"కొన్నాళ్లు అసలు మాట్లాడకండి. అరవడం మాత్రం ఇక మర్చిపోండి."

"అదే నా ఉద్యోగమండీ" అని ఆమె గుసగుసగా చెప్పింది.

"గుసగుస కూడా వద్దు" అన్నాడాయన.

ఆ మౌనాన్ని అత్తగారు మోసింది. ఫోన్ మోగితే తనే తీసి, "మా కోడలు మాట్లాడదండీ. అలిగి కాదు, డాక్టరు వద్దన్నాడు" అని చెప్పేది. పొద్దునా సాయంత్రం నీళ్లు మరిగించి ఆవిరి పట్టించేది. "ఇన్నాళ్లకి ఈ ఇంట్లో నా మాటకి ఎదురు లేకుండా పోయింది" అని నవ్వేది. నవ్వి, గిన్నె దించే నెపంతో అటు తిరిగి కళ్లు తుడుచుకునేది.

గొంతు తిరిగి వచ్చింది గాని, బొంగురుగా, ఇసకలో చెప్పు ఈడ్చినట్టు వచ్చింది. థియేటర్ నుంచి ఫోన్లు ఆగిపోయాయి. ఇక ఇంతేలే అని ఆమె మనసు సరిపెట్టుకుంటున్న రోజుల్లో సౌండ్ ఇంజనీరు ఫోన్ చేశాడు.

"తమిళ సినిమా ఒకటి వచ్చిందక్కా. రౌడీ తల్లి వేషం. రేపు రాగలరా?"

"నా గొంతు బొంగురుపోయింది తమ్ముడూ. కేక రాదు."

"కేక ఎక్కడా లేదక్కా. మీరు రండి, చూద్దాం."

వెళ్లి చూస్తే తెర మీద తెల్లకోటు లేదు, కారు లేదు. తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకున్న రౌడీలు ఇరుకు సందులో కొట్టుకుంటున్నారు. రొప్పుతున్నారు, జారి పడుతున్నారు. కత్తితో పొడిచినవాడే భయపడి ఏడుస్తున్నాడు. వెనక వాద్యాల్లేవు. ఆ రౌడీ తల్లి హోటల్లో గిన్నెలు తోముతుంది. ఆసుపత్రిలో పోలీసు శవం మీది గుడ్డ తొలగించి, "నీ కొడుకేనా?" అని అడుగుతాడు. ఆమె చెప్పాల్సింది ఒక్కటే మాట: "మావాడే. చొక్కా మాత్రం వీడిది కాదు."

మొదటిసారి చెప్పినప్పుడు పాత అలవాటు కొద్దీ మాట చివర సాగిపోయింది.

"ఆవిడ ఏడవట్లేదక్కా" అన్నాడు ఇంజనీరు. "ఒకసారి ఆవిడ చేతులు చూడండి."

చూసింది. నీళ్లలో నాని ముడతలు పడ్డ వేళ్లు కొడుకు ఒంటి మీది ఆ చొక్కాకి విడిపోయిన గుండీ పెడుతున్నాయి. ఈసారి ఆమె ఏమీ చెయ్యలేదు. ఆ వేళ్లనే చూస్తూ, ఉన్న గొంతుతో, ఉన్నమాట చెప్పింది.

"చాలక్కా" అన్నాడతను.

బయటికొచ్చి రెండు గ్లాసుల నీళ్లు గటగటా తాగింది.

సినిమా విడుదలయ్యాక అత్తగారిని తీసుకెళ్లింది. "ఇదేం సినిమానే, ఒక్కడూ స్నానం చేసినట్టు లేడు. ఆ కోట్లవాళ్లే నయం" అని ఆవిడ గొణుగుతూనే ఉంది. ఆసుపత్రి సీను రాగానే గొణుగుడు ఆగిపోయింది. కోడలి చెయ్యి పట్టుకుని, దీపాలు వెలిగేదాకా వదల్లేదు.

"అది నువ్వేనా? పోల్చుకోలేకపోయానే" అంది మెట్లు దిగుతూ.

ఆ తర్వాత ఆమెకు పని తగ్గలేదు. కొత్తగా చేరిన మాటల రచయిత ఒకడు పాత సినిమాలన్నీ ఉత్త రంగుకాగితాలని తీసిపారేస్తే, "అలా అనకు నాయనా" అంది. "గొంతున్నన్నాళ్లు అవి కూడు పెట్టాయి. పోయాక ఇవి పెడుతున్నాయి. నాకు రెండూ దేవుళ్లే."

ఓ సాయంత్రం పని ముగిశాక ఇంజనీరుతో, ఆ రోజు నువ్వు గుర్తుపెట్టుకుని పిలవకపోతే నేనేమైపోయేదాన్నో అంది. అతను తల గోక్కున్నాడు.

"నిజం చెప్పనా అక్కా? మీకంటే ముందు ఇద్దర్ని అడిగాను. వాళ్లకి కుదర్లేదు."

ఆమె ఆ బొంగురు గొంతుతోనే నవ్వింది.

"అయితే వాళ్లిద్దరి ఫోన్ నంబర్లూ ఇవ్వు. వాళ్లకి కూడా ఒక మాట చెప్పుకోవాలి."