టాప్ లేని జీపులో బాపు

ఈ సంగతి ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. గల్ఫ్‌లో ఉన్న మా అన్నకు బాపు, అంటే మా నాన్న, ఫోన్ నుంచి మూడేళ్లపాటు వెళ్లిన మెసేజులు బాపువి కావు, నావి.

మొదట్లో అందులో మోసమేమీ లేదు. అన్న వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. బాపు సాంచెలు, అంటే పవర్‌లూములు, నడిపే కార్ఖానా నుంచి వచ్చి, చొక్కాకు అంటిన దూది నూగు దులుపుకొని, ఫోన్ నా చేతికిచ్చేవాడు. "ఏమంటుండో చూడు బిడ్డా." నేను ప్లే చేసేదాన్ని. బాపు ఫోన్ వైపు కాకుండా నా ముఖం వైపే చూసేవాడు. అన్న చెప్పింది నేను మళ్లీ చెప్తే, "మంచిగున్నమని వెట్టు. పైలమను" అనేవాడు. బాగున్నాం, జాగ్రత్త అనే ఆ రెండు మాటలే టైప్ చేసి పంపేదాన్ని.

సిరిసిల్లలో మా వాడంతా గట్టిగానే మాట్లాడుతుంది. పగలంతా పవర్‌లూముల మోతలో ఉండి వచ్చినవాళ్లు ఇంట్లో ఉప్పు కూడా అదే గొంతుతో అడుగుతారు. అందుకే బాపు సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఒకరోజు ఆయన వెనక నిలబడి నాలుగుసార్లు పిలిచాను, పలకలేదు. ముందుకు వచ్చి పిలిస్తే "ఏంది బిడ్డా" అన్నాడు, మొదటిసారి పిలిచినట్టే. కార్ఖానాలో మాట వినపడదు కాబట్టి అక్కడివాళ్లంతా పెదవులు చూసి మాట పట్టుకుంటారు, మిగిలింది సైగలతో చెప్పుకుంటారు. ఆ అలవాటు మీదే బాపు ఎన్నేళ్లుగా నెట్టుకొస్తున్నాడో, చెవులు ఎప్పుడు పూర్తిగా పోయాయో ఆయనకే తెలియదు.

నాకు తెలిసిపోయిందని ఆయనకు అర్థమైంది. గొంతు తగ్గించాననుకొని, పక్కింటికి వినపడేంత గట్టిగా అన్నాడు. "ఎవలకు చెప్పకు బిడ్డా. సాంచె సప్పుడు మారితె పనోనికి తెల్వాలె. చెవులు వోయినయని సేటుకు తెలిస్తె రేపే పొమ్మంటడు."

"మరి నీకెట్ల తెలుస్తది?"

కుడి అరచేయి చూపించాడు. "సాంచె మీద చెయ్యి వెడ్త. ఏ నట్టు వదులయిందో గిదే చెప్తది."

"అన్నకైన చెప్పనా?"

"ఆనికసలే వద్దు. నా మీద జాలితోని మాట్లాడుతడు. గది నాకు పడది."

వాళ్లిద్దరి మధ్య ముందే ఒక ముడి ఉంది. సాంచెలు నడపను, గల్ఫ్ పోతాను అని అన్న చెప్పిన రోజు బాపు "పోతె పో" అని భోజనానికి కూర్చున్నాడు. అన్న ఆ మాటను సూట్‌కేసులో పెట్టుకొని వెళ్లాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, మధ్యలో నిలబడటానికి నేనే మిగిలాను. అన్న వీడియో కాల్ చేస్తే బొమ్మ ఆగి ఆగి వచ్చేది. పెదవులు అందక బాపు "ఆఁ, మంచిది మంచిది" అని ఫోన్ నాకిచ్చేవాడు. "బాపుకు నాతోని రెండు నిమిషాలు మాట్లాడబుద్ధి గాదా?" అని అన్న అడిగేవాడు. పనితో అలసిపోయాడని చెప్పేదాన్ని.

అట్లా ఒకరోజు "మంచిగున్నం, పైలం" తర్వాత నేనొక మాట కలిపాను. "తిన్నవా కొడుకా?" బాపు అన్నను ఎప్పుడూ కొడుకా అని పిలవలేదు, "ఏయ్" అనేవాడు. అన్న నుంచి వెంటనే జవాబు వచ్చింది. తిన్నాడట. ఏం తిన్నాడో, ఎవరు వండారో, గదిలో ఎంత ఉక్కగా ఉందో, ఐదు నిమిషాలు చెప్పాడు. అన్న అంతసేపు మాట్లాడగలడని నాకు తెలియదు.

ఇక ఆపలేదు. నలుగురి ముందు నాకు నోరు పెగలదు. లైబ్రరీలో పుస్తకం కావాలన్నా చేతితో చూపిస్తాను. కానీ రాయమంటే రాస్తాను. బాపు మెసేజుల్ని ముందు డైరీలో రాసుకొని, కొట్టేసి, మళ్లీ రాసి, అప్పుడు ఫోన్‌లోకి ఎక్కించేదాన్ని. బాపు వాడే మాటలే వాడేదాన్ని, ఆయన ఎప్పుడూ అనని సంగతులు అనిపించేదాన్ని. నువ్వు లేక ఇల్లు బోసిగా ఉందని. ఆ రోజు పోతె పో అన్నందుకు గొంతులో ముద్ద దిగలేదని. నేను రాసింది చదివిన మనిషి లోకంలో మా అన్న ఒక్కడే. అది నాకు గర్వంగా ఉండేది, ఆ గర్వం గురించి కూడా డైరీలో ఉంది.

నిరుడు అన్న తిరిగి వచ్చే ముందు ఒక మెసేజ్ పెట్టాడు. కోరుట్లలో తెలిసినవాళ్ల దగ్గర టాప్ లేని జీపు ఒకటి అమ్మకానికి ఉందట, కొనాలని ఉందట, బాపు తిడతాడా అని. బాపు చెప్పిన జవాబు: "ఆని ఇష్టం." నేను రాసింది ఇది: "కొను కొడుకా. నీ పక్కన కూసుంట. మనిద్దరం పాటలు వినుకుంట ఊళ్లు తిరుగుదాం. నా పాత పాటలు వెట్టు."

అన్న వచ్చాడు, జీపు కొన్నాడు. దాంతోపాటు వచ్చిన సౌండ్ దేనికీ పనికిరాదని మొదటిరోజే తేలింది. డ్యాష్‌బోర్డులో అరచేతి వెడల్పు స్పీకర్లు రెండు. జీపు ఆగి ఉంటే పాట వినపడేది, కదిలిందంటే గాలి ఎత్తుకుపోయేది. "బాపు పాత పాటలు గీ డబ్బాల ఏం వింటడు?" అని అన్న జగిత్యాలలో ఒక కార్ డెకరేషన్ షాపులో మాట్లాడుకున్నాడు. పని పూర్తయ్యే రోజు బాపును, నన్ను కూడా బస్సులో తీసుకెళ్లాడు. బాపు వస్తాడనుకోలేదు. కానీ ఆ రోజు కార్ఖానా బంద్, పైగా అన్న ఎదురుగా నిలబడి అడిగాడు. పెదవులు చూసి తలూపాడు.

షాపాయన అన్నకు ఓపికగా విప్పి చెప్పాడు. "కారయితె అద్దాలుంటయి తమ్మీ, సౌండ్ లోపల్నే తిరుగుతది. దీనికి అద్దాలెక్కడియి? అందుకె స్పీకర్లు చెవు దగ్గరికి తెచ్చిన." సీట్ల వెనక అడ్డంగా ఉన్న ఇనుప రాడ్‌కు గుండ్రటి స్పీకర్లు బిగించి ఉన్నాయి. వాన పడ్డా పాడుకాని రకం అన్నాడు. ముందు సీటు కింద యాంప్లిఫయర్, వెనక సీటు కింద మూసిన పెట్టెలో వూఫర్, బ్యాటరీ నుంచి దానికి వేరే వైరు, మధ్యలో ఫ్యూజు. బాపు అన్నీ వంగి చూశాడు. వైరు ఎక్కడెక్కడ కట్టారో వేలితో తడిమి, "పని మంచిగున్నది" అన్నాడు. అన్న ముఖం వెలిగిపోయింది.

షాపాయన సౌండ్ పెంచి చూపించాడు. నేను చెవులు మూసుకున్నాను. రోడ్డు అవతల మిర్చిలు వేసే ఆమె "ఏందిర బై గా లొల్లి!" అని అరిచింది. బాపు మాత్రం కదలకుండా వైర్లు చూస్తూనే ఉన్నాడు.

"కాకకు సాంచెల మోతతోని దోస్తానా," అని షాపాయన నవ్వాడు. "గీ సౌండ్ ఒక లెక్కనా ఆయినకు!"

అన్న కూడా నవ్వాడు. నేను చెప్పులు చూసుకున్నాను.

తిరుగు దారిలో బాపు ముందు సీట్లో, నేను వెనక, వూఫర్ మీద. దుమ్ముకు అన్న ముక్కూ నోరూ మూసేలా దస్తీ కట్టుకున్నాడు, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడు. చూడటానికి పెదవులే లేకుండా పోయాయి. ఊరు దాటగానే అన్న మాట్లాడటం మొదలుపెట్టాడు. నాలుగు నెలలుగా బాపు పాటలు ఏరి ఏరి దాచాడట. మా ఇంట్లో టేప్‌రికార్డర్ ఉన్నప్పుడు బాపు వరసగా ఏ పాట తర్వాత ఏ పాట వినేవాడో గుర్తుపెట్టుకొని అదే వరసలో పెట్టాడట. "మొదలు ఏదస్తదో చెప్పు బాపూ, చూద్దాం."

బాపు పొలాలు చూస్తున్నాడు.

"బాపూ, నిన్నే."

వెనక నుంచి నేను బాపు భుజం తట్టగలిగేదాన్ని. తట్టలేదు. తడితే ఆయన తిరిగి నన్ను చూస్తాడు, నేను అన్న మాట మళ్లీ చెప్పాలి, అన్నకు అంతా తెలిసిపోతుంది. మెసేజుల సంగతి కూడా. అన్న ఇంకేమీ అడగకుండా పాట పెట్టాడు. సౌండ్ పెంచుతూ పోయాడు. నా కింద సీటు అదిరింది, నా పళ్లు అదిరాయి.

బాపు ఉలిక్కిపడి కుడి అరచేయి డ్యాష్‌బోర్డు మీద ఆనించాడు. కాసేపు అట్లాగే పట్టి చూశాడు. ముఖం మారిపోయింది.

"ఆపు! బండి ఆపు!"

అన్న పక్కకు ఆపాడు. పాట ఆపలేదు.

"ఇంజన్ల ఏదో వదులయింది. కొట్టుకుంటుంది. గిట్లనే నడిపితె విరుగుతది," అని బాపు కిందికి దిగి ముందుకు వెళ్లాడు. "గిది తెరువు, చూస్త."

రోడ్డు మీద వడ్లు ఆరబోస్తున్న ఒకాయన పార మీద చేతులు ఆనించి చూస్తున్నాడు. "ఏం కాక, బరాతా? పెండ్లికొడుకు యాడ?" అన్నాడు. పాట సాగుతూనే ఉంది. అది బాపు టేపులో మొదటి పాట. అమ్మకు కూడా ఇష్టమైన పాట.

అన్న దిగి వచ్చి దస్తీ కిందికి లాగాడు. "ఎగతాళి చేస్తున్నవా బాపూ?"

ఇప్పుడు బాపుకు మాట అందింది. "ఎగతాళేంది? బండి ఖరాబయింది."

"నా పాట నీకు ఖరాబయిన ఇంజన్ లెక్క ఇనవడ్డదా? నువ్వే గదా రాసినవ్, నీ పక్కన కూసుంట, పాటలు వినుకుంట తిరుగుదామని?"

"నేనా? నేనెప్పుడు రాసిన?"

అన్న ఫోన్ తీసి ఆ మెసేజ్ బాపు ముఖం ముందు పెట్టాడు. బాపు ఐదో తరగతి దాకా చదివాడు. ఒక్కో మాట మీద ఆగుతూ చదివాడు. తర్వాత తలెత్తి, అన్న భుజం మీదుగా నన్ను చూశాడు. బాపు చూపు తిప్పుకున్నాడు.

"ఆఁ, రాసిన," అన్నాడు. "అప్పుడేదో మంచి మాట అన్న. గవి పట్టుకొని తిరుగుతవా?"

"అంటే అన్ని ఉత్తయేనా? గొంతుల ముద్ద దిగలేదన్నది సుత?"

"ఉత్తయే అనుకో. ముందుగాల గది బంద్ చెయ్. బండి ఆగమైతది."

అన్న పాట ఆపాడు. అదురు ఆగిపోయింది. బాపు మళ్లీ అరచేయి బానెట్ మీద పెట్టి, ఇంజన్ బాగానే ఉందని తెలుసుకొని, ఎక్కి కూర్చున్నాడు. అన్న బండిని సిరిసిల్ల వైపు కదిలించాడు.

ఆ సాయంత్రం బాపు ఫోన్ తీసుకొని గడప మీద కూర్చున్నాడు. మూడేళ్ల మెసేజులు పైనుంచి కిందికి వేలు పెట్టి చదివాడు. బాగా రాత్రయ్యాక నన్ను పిలిచి, "మంచిగనే రాసినవ్ బిడ్డా," అన్నాడు. "గని నేను గిట్లనేటోన్ని గాదు." తిడితే బాగుండేది. ఆ రాత్రి నేను డైరీలో ఏమీ రాయలేదు.

నెల తిరగకుండానే అన్న జీపును కోరుట్లలో అమ్మినవాళ్లకే తిరిగి ఇచ్చేశాడు, స్పీకర్లతో సహా. మళ్లీ వీసా తీసుకున్నాడు. ఇప్పుడా జీపు బరాత్‌లకు తిరుగుతోందని విన్నాను. అన్న వెళ్లే ముందు నాకు ఇరవై ఐదు రోజుల సమయం దొరికింది. రోజూ చెబుదామనుకున్నాను. చెబితే బాపు దాచుకున్నది బయటపడుతుంది అనుకునేదాన్ని. అది సగమే నిజం. మిగతా సగం, ఆ మెసేజులు బాపువేనని ఒకప్పుడైనా నమ్మిన మనిషి ముందు, అవి నావి అని చెప్పే ధైర్యం నాకు లేదు.

బాపు ఇప్పటికీ కార్ఖానా నుంచి రాగానే ఫోన్ నా చేతికిస్తాడు. "ఏమన్న అచ్చిందా?" రాలేదని తల అడ్డంగా ఊపుతాను. అన్న చివరగా చెప్పిన మాట ఆయనకు ఇంతవరకు చెప్పలేదు. బస్టాండ్‌లో బ్యాగ్ పైకి పెట్టి, కిటికీలోంచి తల బయటికి పెట్టి, నా వైపు సరిగ్గా చూడకుండా అన్నాడు:

"చెల్లే, బాపుకు చెప్పు. ఇగ నాకు మెసేజులు వెట్టద్దని."