కారు షెడ్డులో కొత్త ప్లగ్గు

మాది నంద్యాల. కిందటేడు మా ఆయన కరెంటు కారు కొన్నారు. దాని చార్జింగుకు షెడ్డులో పెద్ద ప్లగ్గు పెట్టాలి. ఆళ్లగడ్డలో ఉండే మా అన్న ఫోన్ చేసి, "దానికి లావు వైరు ఏయాల బావా, తెలిసినోణ్ని పంపిస్తా" అన్నాడు.

"వాడెందుకు? నేను ఫోన్లో అంతా చూసినాలే" అన్నారీయన. ఫ్యానుకు వేసే సన్న వైరు లాగి తానే బిగించేశారు.

ఆదివారం చర్చి కాగానే పాస్టరుగారిని, చుట్టాలను షెడ్డుకు పిలిచారు. ప్రార్థన అయ్యాక ప్లగ్గుకు కారు తగిలించి స్విచ్చి వేసి, తన పనితనం గురించి ఉపన్యాసం మొదలుపెట్టారు.

గోడ పక్కన కుర్చీలో ఉన్న మా అత్త, "ఏందిరా నాయనా, కాలిన వాసనొస్తాంది" అంది.

"కొత్త వైరు మా, అట్లే వస్తాది."

అంతలోనే వైరు కరిగి మంట లేచింది. పాస్టరుగారు అత్తను బయటికి లాగారు. మా మేధావి బకెట్టు నీళ్లు తెచ్చి ఆ కరెంటు మంట మీద పోయబోయారు. నేను బకెట్టు లాగి బయటికి విసిరేసి, ఇంట్లోకి పరుగెత్తి మెయిన్ ఆపేశాను.

మంట ఆరాక ఆయన అన్న మొదటి మాట, "ఈ వైరు నకిలీది."

ఇప్పటికీ అదే చెబుతారు. కన్నతల్లిని కాల్చబోయిన మనిషికి సిగ్గు లేదు.