మనిషి కూచుంటే ఆగిపోయే పాట

నాకు రాయడం అలవాటు లేదు. ఐదో తరగతితో బడి ఆపేసినాను. ఆ తర్వాత పెన్ను పట్టిందంతా సంతకాలకే. ఒత్తులు యాడ పెట్టాలో తెలీదు, నోటితో మాట్లాడినట్టే రాస్తా ఉండాను. చదివేవాళ్లు నవ్వుకుంటారేమో అని భయంగా ఉండాది. మా పాప అన్నది, నాయనా, నువ్వు కనపడినోళ్లకల్లా ఇదే చెప్తా ఉండావు, కాగితం మీద పెట్టెయ్, నీ గుండె తేలికవుతాది అని. సరే అని పెడతా ఉండాను. తప్పులుంటే కోపం చేసుకోబాకండి.

నేను ఆత్మకూరు స్టాండులో కారు బాడిగకి తోలతాను. పెట్రోలు బండి, సెకండ్ హ్యాండులో కొన్నాను. సొంత ఊరు ఉదయగిరి పక్క. బండిలో పాటలు బాగుంటేనే పెళ్లి బాడిగలు వస్తాయని స్టాండులో అందరూ అంటా ఉంటే, నేను కూడా పెద్ద టచ్ స్క్రీను సెట్టు పెట్టించినాను. డిక్కీలో బేసు డబ్బా. బిగించినాయన నాకంటే చిన్నోడు, నన్ను అన్నా అంటాడు. బ్యాటరీ కాడి నుంచి లావాటి వైరు లాగి, కాళ్ల కింద మ్యాటు కిందగా, ఎనక సీటు కిందకి తీసకపోయినాడు. ఆడ జాయింటు ఏసి, ఒకటి బేసు డబ్బాకి, ఒకటి తిప్పి ముందు స్క్రీనుకి ఇచ్చినాడు.

"ఫ్యూజు ఎయ్యవా?" అని అడిగినా.

"ఫ్యూజు ఏస్తే అది ఊరికే కొట్టేస్తా ఉంటాది అన్నా, నువ్వు ఊరికే నా కాడికి వస్తా ఉంటావు. డైరెక్ట్ ఇచ్చేసినా. నీకూ సుఖం, నాకూ సుఖం."

నాకు అది బాగానే అనిపించింది. ఇంట్లో ఫ్యూజు పోతే మేము రాగి పోగు చుట్టి మళ్లీ పెట్టుకునేవాళ్లమే గదా. ఫ్యూజు అంటే పోయే వస్తువనే తెలుసుగాని కాపాడే వస్తువని మాకు ఎవురు చెప్పినారు? పైగా డైరెక్ట్ ఇస్తే తాళం తీసినా పాట ఆగదు, స్క్రీను మీదే ఆపుకోవాల. బాడిగ కోసం చూస్తా కూచున్నప్పుడు పాటలు ఇంటా ఉండొచ్చని నేను సంతోషపడినాను.

కొన్నాళ్లకి దానికి ఒక రోగం పట్టుకున్నాది. నేనొక్కణ్ణే పోతా ఉంటే గణగణ మోగేది. బాడిగ ఎక్కంగానే ఆగిపోయేది. వాళ్లని దింపినాక, నల్లగా ఉన్న స్క్రీను ఉన్నట్టుండి తెల్లగా అయ్యి, కంపెనీ బొమ్మ వచ్చి, కాసేపటికి మళ్లీ పాట అందుకునేది. అది కూడా ప్రతిసారీ గాదు. ఒకసారి ముగ్గురు ఎక్కినా పాడేది. ఇంకోసారి ఇద్దరే ఎక్కినా ఆగిపోయేది.

స్టాండులో నా పక్క బండి ఆయన లావాటి మనిషి, నోరు ఊరుకోదు. "రేయ్, నీ సెట్టుకి గిరాకీ అంటే పడదురా. మడిసిని చూస్తే సిగ్గు దానికి" అని అందరి ముందరా నవ్వేవాడు. నేను పెన్ డ్రైవు మార్చినా. బ్యాటరీ టెర్మినళ్లు వేడి నీళ్లతో కడిగి గ్రీజు పూసినా. స్క్రీను ఎనక పిన్నులు పీకి మళ్లీ గుచ్చినా. బిగించినాయన్ని ముందు సీట్లో కూచోబెట్టుకోని సంగం దాకా పోయి వచ్చినా. ఒక్కసారి ఆగితే ఒట్టు!

"సెట్టు బంగారం అన్నా. నువ్వే ఏందో ఊహించుకుంటా ఉండావు" అని దిగి పోయినాడు.

ఆ వారంలోనే సావు బాడిగ వచ్చింది.

మా స్టాండు ఎనక ఈధిలో ఒక అవ్వ ఉండాది. ఆస్పత్రికి పోవాలన్నా, బంధువుల ఇండ్లకి పోవాలన్నా నా బండే పిలిపించేది. వేరే బండి ఎక్కదు. వరికుంటపాడు పక్కన పల్లెలో ఆమె తమ్ముడు సచ్చిపోయినాడని కబురొచ్చింది. అవ్వ, ఆమె కూతుర్లిద్దరూ ఎనక కూచున్నారు. అవ్వ ఎప్పుడూ కూచునే కుడి మూల కూచున్నాది. పెద్దల్లుడు నా పక్కన. వాళ్లు ఎక్కి కూచునేటప్పటికి స్క్రీను నల్లగా ఉండాది. రోగం మామూలే గదా, ఈ పొద్దు మంచికే ఆగిందిలే అనుకున్నా. దాన్ని ఆపాలని కూడా తోచలా. ఆగిపోయినదాన్ని ఏమి ఆపేది?

 ఉదయగిరి కొండ కనపడినప్పుడు అవ్వ ఒక మాట అన్నది. "మా తమ్ముడు చిన్నప్పుడు ఆ కొండెక్కి దిగను భయమని ఏడిస్తే నేను పోయి దించకొచ్చినా అబ్బయ్యా." అంతే. కూతురు ఆమె చెయ్యి పట్టుకున్నాది.

ఇంటి ముందర షామియానా ఏసుండారు. శవాన్ని బయట పడుకోబెట్టినారు. డప్పులోళ్లు పక్కన కూచోని మెల్లగా కొడతా ఉండారు. నేను బండి ఆపి తాళం తీసినా. కూతుర్లు దిగినారు. అవ్వ తలుపు పట్టుకోని లేచి దిగి, "నాయనా తమ్ముడా" అని కేక పెట్టి ముందుకి నడిచింది. ఆడోళ్లందరూ లేచి ఆమెకి ఎదురొస్తా ఉండారు.

అప్పుడు నా పక్కన తెల్లగా వెలుగు కనపడింది.

స్క్రీను. బొమ్మ వస్తా ఉండాది.  ఏలితో నొక్కినా. బొమ్మ ఉన్నంతసేపు అది ఎంత నొక్కినా పలకదు. తాళం పెట్టి తిప్పినా, తీసినా. దానికేం పని తాళంతో? అంతలోనే వచ్చేసింది పాట. పొద్దున స్టాండులో నేను పెద్ద సౌండుతో ఇంటా ఉన్నది. పెళ్లి ఊరేగింపులో ఏసే డీజే పాట. డిక్కీలో బేసు డబ్బా కొడతా ఉంటే బండి అద్దాలు అదిరినాయి.

ఏడుపులన్నీ ఆగిపోయినాయి. డప్పులోళ్లలో ఒకాయన చెయ్యి అలవాటులో ఆ పాట దరువు అందుకున్నాది, రెండు దెబ్బలు పడినాక ఆయనకే తెలిసి చెయ్యి ఎనక్కి లాక్కున్నాడు. అందరూ నన్నే చూస్తా ఉండారు. అవ్వ శవానికి ఇంకా నాలుగడుగుల దూరంలో నిలబడిపోయి ఎనక్కి తిరిగి చూసింది. ఆ చూపు నేను చెప్పలేను.

పాట వచ్చినాక కూడా స్క్రీను ఏలికి పలకలా, దిగి బానెట్టు ఎత్తినా. టెర్మినల్ ఊడదీయాలంటే స్పానర్ కావాల. స్పానర్ డిక్కీలో, ఆ కొట్టుకుంటా ఉన్న డబ్బా కింద ఉండాది. రెండు చేతులా పట్టుకోని అటూ ఇటూ తిప్పి పీకినా. ఏలి మీద తోలు లేచిపోయింది. పాట తెగిపోయింది. 

అల్లుడు వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. "ఏందిరా ఇది? సావింటి ముందర డీజే పెడతావా? తాగినావా?"

"లేదన్నా, దానంతట అదే..."

"దానంతట అదే ఎట్ట వస్తాదిరా? పో ఈణ్ణించి!"

నేను అవ్వ వైపు చూసినా.  శవం కాడ కూచున్నాది, కాని ఏడవలా. ఏడుపు మధ్యలో తెగిపోయినట్టు నోరు తెరుచుకోని అట్టనే కూచున్నాది.

స్క్రీను ఎనక పిన్నులు పీకేసి, టెర్మినల్ తగిలించి, ఖాళీ బండితో ఎనక్కి వచ్చినా. నేను స్టాండుకి రాకముందే కబురు వచ్చేసుండాది. "సావింట్లో డీజే పెట్టినావంట గదరా!" అని నవ్వినారు. నా మొకం చూసి మానుకున్నారు. నవ్వుతారని గాదు నా బాధ, బాడిగలు పోతాయని గూడా గాదు. తమ్ముడి కాడ ఆమె ఏడవాల్సిన ఏడుపుని నేను కావాలనే చెరిపేసినానని అవ్వ అనుకుంటా ఉంటాది. అది నిజం గాదని ఆమెకి చూపించాల. దానికి ఆ పాట ఎందుకొచ్చిందో కనుక్కోవాల. వేరే ఆలోచన లేదు నాకు.

మరసటి రోజు టీ అంగడి కాడ పక్క బండి ఆయన బీడీ ముట్టించి, "మడిసిని చూస్తే సిగ్గు అన్నా గదరా. సిగ్గు కాకపోతే ఏందో చూద్దాం పా" అన్నాడు. ఈసారి ఎగతాళిగా అనలా. స్క్రీను పిన్నులు మళ్లీ గుచ్చి పాట పెట్టినా. ఆయన ముందు సీట్లో కూచున్నాడు. పాడతానే ఉండాది. ఎనక ఎడం పక్క కూచున్నాడు. పాడతా ఉండాది. మధ్యలోకి జరిగినాడు. పాడతా ఉండాది.

"నీ సెట్టు నాకు భయపడలేదురా."

"కుడి మూలకి జరుగన్నా."

జరిగినాడు. పాట పుటుక్కున ఆగిపోయింది.

"లెయ్యన్నా."

లేచినాడు. స్క్రీను తెల్లగా అయ్యింది, బొమ్మ వచ్చింది, పాట వచ్చింది.

"కూచో."

ఆగింది.

"లెయ్."

వచ్చింది. స్టాండులో అందరూ మూగినారు. ఒకడు చప్పట్లు కూడా కొట్టినాడు. నాకు మాత్రం అవ్వ గుర్తొచ్చింది. అది అవ్వ కూచున్న మూల. ఆమె బరువుకి పాట ఆగింది, ఆమె లేస్తే పాట వచ్చింది. తమ్ముడి కోసం ఆమె లేచినందుకే వచ్చింది. దొరికింది, ఇంక పోయి చెప్పేస్తా, నా తప్పు లేదని చెప్పేస్తా అనుకోని సంతోషంగా సీటు పట్టుకోని పైకి ఎత్తినా.

ముందు వాసన వచ్చింది. స్పాంజి కాలిన వాసన.

సీటు కింద ఇనప కమ్మీ సరిగ్గా ఆ జాయింటు మీద కూచోనుండాది. మనిషి కూచున్నప్పుడల్లా వైరు నలిగి పోగులు ఇడిపోయేవి, లేచినప్పుడల్లా మళ్లీ అంటుకునేవి. అంటుకున్నప్పుడల్లా, ఆ కమ్మీకి తగిలినప్పుడల్లా నిప్పురవ్వ, ఆపేదానికి ఫ్యూజు లేదు. సీటు తిరగేసి చూస్తే స్పాంజిలో నా అరచెయ్యి పట్టేంత గుంత. నల్లగా, అంచులు కరిగి గట్టిపడి ఉండాది. పైన సీటు కవరు బాగానే ఉండాది, అందుకే ఎవురికీ కనపడలా. ఆ గుంతకి జానెడు దూరంలో గుండ్రటి మూత ఉండాది. పెట్రోలు ట్యాంకులో పంపు పెట్టే చోటు అది.

 పక్క బండి ఆయన తన చేతిలో బీడీ చూసుకున్నాడు. నడుచుకుంటా చాలా దూరం పోయి, అది లేకుండా తిరిగొచ్చినాడు.  నేను పోయి బ్యాటరీ టెర్మినల్ పీకేసి, అట్టనే రోడ్డు మీద కూచున్నా.  ఆ మూలలో ఎంతమందిని కూచోబెట్టినానో గుర్తొస్తా ఉండాది. కలిగిరి బస్సు తప్పిపోయిందని ఎక్కిన బాలింత. మా పాప.

బిగించినాయనకి ఫోను చేసినా. వచ్చినాడు. "ఏందన్నా, మళ్లీ ఆగిందా" అంటానే వచ్చి సీటు కింద చూసినాడు.  నేను కొడదామనుకున్నా. చెయ్యి లేవలా. ఆయన నా పక్కనే కింద కూచోని, ఫోను తీసి ఒక్కొక్కరికే చేస్తా ఉండాడు. "అన్నా, బండి యాడుండాది? తోలబాక. సీటు ఎత్తి చూడు. ముందు చూడన్నా, తర్వాత తిట్టుకో." ఆ మాట ఇంటా ఉంటే నాకు ఇంకా భయమైంది. ఇట్టనే ఎన్ని బండ్లకి డైరెక్ట్ ఇచ్చినాడో ఆయనకే గుర్తులేదు.

సెట్టు, డబ్బా, వైరు అంతా పీకించేసినా. కాలిన సీటు నెత్తిన పెట్టుకోని అవ్వ ఇంటికి పోయినా. అల్లుడు తలుపు కాడ నిలబడి, "మళ్లీ ఎందుకొచ్చినావురా" అన్నాడు. నేను సీటు తిరగేసి కింద పెట్టినా. ఆయన చూసి పక్కకి జరిగినాడు.

దోవ పొడుగునా నేను చెప్పాల్సిన మాటలు అనుకుంటా వచ్చినా. అవ్వా, పాట నేను పెట్టలా, నువ్వు లేస్తే అదే వచ్చింది, నా తప్పు లేదు అని. అవ్వ వచ్చి ఆ గుంతలో చెయ్యి పెట్టేసరికి ఒక్క మాట రాలా.

"నేను కూచున్నది దీని మీదనా?"

"ఆ అవ్వా."

"నా బిడ్డలిద్దరూ నా పక్కనే గదా అబ్బయ్యా కూచున్నారు."

"ఆ."

కరిగిన అంచుని ఆమె ఏలితో తడమతానే ఉండాది. పాట సంగతి అడగనే లేదు. నేనే ఏడుపు ఆపుకోలేక, "ఆ పాట నేను పెట్టలేదవ్వా" అన్నా.

"పాట పాడు గాను!" అన్నది. "అదే రాకపోతే ఈ సీటు నువ్వు ఎత్తుండేవాడివా?"

"లేదవ్వా."

"మేము కాలిపోయేవాళ్లం."

నేను తల ఊపినా. ఆమె చెయ్యి కొంగుకి తుడుచుకున్నాది. "పెద్దకర్మకి పోవాల. బండి తీసకరా. సీటు ఎత్తి చూపిచ్చినాకే ఎక్కేది."

అట్టనే చూపిచ్చినా. కొత్త స్పాంజి ఏయించినా ఆమె ఒంగి, చెయ్యి పెట్టి, ఇనప కమ్మీ కూడా తడిమి చూసి, మళ్లీ ఆ కుడి మూలే కూచున్నాది. అల్లుడు ముందు కూచోని, స్క్రీను పీకేసిన చోట ఖాళీ గూడుని దోవంతా చూస్తా ఉండాడు.

ఆ ఇంటి ముందర బండి ఆపినాక వాళ్లు దిగేలోపలే నేను పోయి బానెట్టు ఎత్తి, టెర్మినల్ మీద చెయ్యి పెట్టుకోని నిలబడినా. సెట్టు లేదని నాకు తెలుసు. అయినా నా చెయ్యి నా మాట ఇనలా. అవ్వ దిగింది. తమ్ముడి ఫొటో కాడికి నడిచిపోయి, ఆ రోజు తెగిపోయిన కేక మళ్లీ మొదలుపెట్టింది. మధ్యలో ఏదీ రాలా. ఆమె ఏడిచినంతసేపూ నేను బానెట్టు ఎనక నిలబడి మొత్తం ఇన్నాను.

ఇప్పుడు మా స్టాండులో ఎవురు బండెక్కినా ముందుగా ఎనక సీటు ఎత్తి చూపించమంటారు. మేము చూపిస్తాం. నాకు తెలిసింది నాకు వచ్చినట్టు రాసినా. ఇందులో ఒత్తు తప్పినా, మాట తప్పినా, నా చేతకానితనం అనుకోని మీ బిడ్డని మన్నించినట్టు మన్నించండి.